ఏ చిప్ పెట్టినా అంతే

మార్చి 3, సోమవారం

లీడర్ ఫోన్ చేశాడు. శనివారం హోటల్ ప్రోగ్రాంకి రావద్దట.

"రెండు వారాలు రెస్ట్ తీసుకో అన్నా. నీ గిటార్ చెవుల్లో గుచ్చుతోందని హోటల్ వాళ్ళు గొడవ చేస్తున్నారు. ట్రెబుల్ తగ్గించమని నేనెన్నిసార్లు సైగ చేశాను, నువ్వు చూడవు" అన్నాడు.

ఇరవై ఆరేళ్ళుగా ఆ ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ పక్కన నిలబడి వాయిస్తున్నాను. లీడర్ నా తర్వాత ఎనిమిదేళ్ళకి చేరాడు. ఇప్పుడు నాకు రెస్ట్ ఇస్తున్నాడు.

లోపం నాలో లేదు, గిటార్ సౌండుని మార్చే కాలి పెడల్లో ఉంది. పాతదైపోయింది. తీగ మీద ఉండాల్సిన మెరుపు రావడం లేదు, అందుకే ట్రెబుల్ పెంచుకోవాల్సి వస్తోంది. ఈసారి కొనను. నేనే చేసుకుంటాను. చేతిలో పనుంటే రెండు వారాలు ఎంతసేపు.

మార్చి 4, మంగళవారం

పెడల్ తయారుచేసేవాళ్ళ గ్రూపులో పోయినేడాదే చేరాను, ఈ రోజు మొదటిసారి శ్రద్ధగా చదివాను. పెడల్‌కి గుండెకాయ ఆప్ ఆంప్ అనే చిప్. నల్లటి చిన్న పలక, ఎనిమిది కాళ్ళు. గిటార్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచేది అదే. ఏ చిప్ మంచిదన్న దగ్గర మాత్రం గ్రూపులో రోజూ యుద్ధమే.

విడిభాగాల షాపుకి వెళ్ళాను. బస్టాండ్ వెనక సందులో, ఫోన్ రిపేరు షాపు పక్కన. నేల నుంచి కప్పు దాకా చిన్న చిన్న సొరుగులు, ఒక్కోదాని మీద చేత్తో రాసిన చీటీ. షాపు నడిపేది అరవై దాటిన ఆవిడ. అందరూ అక్క అంటారు. నన్ను చూడగానే "గిటార్ తమ్ముడు వచ్చాడే" అంది. ఇదివరకు తీగలకీ జాకులకీ అక్కడికే వెళ్ళేవాణ్ణి.

"మొదటి పెడలా? అయితే 741 జోలికి పోకు. అది నత్త. పైగా దాని కాళ్ళ వరస వేరు. 358 కూడా వద్దు, సౌండు సన్నగా తగ్గే దగ్గర గరగరమంటుంది. 4558 పట్టుకెళ్ళు, చాలా పెడల్స్‌లో అదే ఉంటుంది. లేదా 072. 5532 శుభ్రంగా ఉంటుంది గానీ బ్యాటరీని తాగేస్తుంది. ఈ మూడింటికీ కాళ్ళ వరస ఒకటే. అందుకని..."

ఆ తర్వాతది సరిగ్గా వినిపించలేదు. ఫ్యాన్ చప్పుడు. పాకెట్ పెట్టుకోమంది.

"పాకెట్ ఎందుకక్కా?"

ఆవిడ నవ్వి, సొరుగులోంచి ఎనిమిది రంధ్రాల చిన్న గూడు తీసి చూపించింది. సాకెట్. దాన్ని బోర్డుకి అతికించుకుంటే చిప్‌ని పీకి ఇంకోటి పెట్టుకోవచ్చట, ప్రతిసారీ వేడి చెయ్యక్కర్లేదు.

"మూడూ పట్టుకెళ్ళు. కానీ ఒక మాట తమ్ముడూ, చిప్ మార్చినంత మాత్రాన అంతా మారిపోదు. సగం సౌండు కెపాసిటర్ల దగ్గరా, డయోడ్ల దగ్గరా ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్ళంతా చిప్ చుట్టూనే తిరుగుతారు."

ఆ ఫ్యాన్ ఒకటి మార్పించాలి ఆవిడ.

మార్చి 6, గురువారం

చిప్ మీద చుక్క ఎటుందో చూడకుండా తిరగేసి పెట్టాను. వేలు పెట్టి చూస్తే నిప్పు. బొబ్బ లేచింది. ఒక 4558 పోయింది. ఇంకోటి తెచ్చాను.

మార్చి 9, ఆదివారం

పని చేసింది. మొదటి తీగ మీటగానే స్పీకర్లోంచి సౌండు వచ్చింది, అదే తీగ పదిసార్లు మీటాను. పదిహేడేళ్ళ వయసులో మొదటి గిటార్ కొన్నప్పుడు కూడా ఇంతే.

కానీ మెరుపు లేదు. దుప్పటి కప్పి వాయిస్తున్నట్టుంది. ట్రెబుల్ చివరికంటా తిప్పాను. మా ఆవిడ వంటింట్లోంచి చెవి మీద చెయ్యి పెట్టుకుని వచ్చింది.

"కొంచెం తగ్గించండి. గాజు మీద మేకు పెట్టి గీసినట్టుంది."

ఆమెకి సంగీతం తెలియదు. రోజంతా బస్సు టికెట్ల కౌంటర్లో అద్దం వెనక మైకులో మాట్లాడుతుంది, ఇంటికొచ్చాక ప్రతి చప్పుడూ ఎక్కువే అనిపిస్తుంది. మైకు అలవాటులోనే నాతో కూడా ఈ మధ్య గొంతు పెంచి మాట్లాడుతోంది.

మార్చి 10, సోమవారం

072 పెట్టాను. అంతే.

మార్చి 11, మంగళవారం

5532 పెట్టాను. అంతే. బ్యాటరీ మాత్రం సాయంత్రానికే అయిపోయింది. షాపక్క ఆ ఒక్కటీ నిజం చెప్పింది.

మార్చి 12, బుధవారం

ఇంట్లో సన్నగా ఈల లాంటి మోత. ఫ్రిజ్ అనుకుని ప్లగ్ పీకేశాను. మోత ఆగలేదు. పక్కింటి వాళ్ళ ఫ్రిజ్ కావచ్చు. మళ్ళీ ప్లగ్ పెట్టడం మర్చిపోయాను, పాలు విరిగాయి.

మార్చి 13, గురువారం

దొరికింది. ఏ చిప్ పెట్టినా ఒకేలా ఉందంటే, అవి నిజంగా ఒకటే. మూడూ నకిలీ. ఏదో చవక చిప్ మీద అచ్చు చెరిపేసి కొత్త పేరు గుద్ది అమ్ముతారట, గ్రూపులో ఎవరో ఎప్పుడో రాశారు. దూదిని స్పిరిట్‌లో ముంచి 4558 మీద రుద్దాను. దూదికి బూడిదరంగు అంటింది. ఇంతకంటే రుజువు ఏం కావాలి.

ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. షాపు ఎక్కడుందో రాశాను. కొత్తగా పెడల్స్ చేసేవాళ్ళు అక్కడ చిప్పులు కొనొద్దని రాశాను. గ్రూపులో నా పేరు పాత తీగ. నేనెవరో అక్కడ ఎవరికీ తెలియదు.

మా ఆవిడకి చెప్పాను.

"ఆవిడని ఒక్కమాట అడక్కుండానే రాసేశారా?"

"అడిగితే ఒప్పుకుంటుందా?"

ఆమె ఇంకేదో అంది, అటు తిరిగి. మళ్ళీ చెప్పమనలేదు. ఎలాగూ అదే అయ్యుంటుంది.

మార్చి 17, సోమవారం

గ్రూపులో నూటముప్పై జవాబులు. అందరూ థాంక్స్ చెబుతున్నారు. ఒకాయన "ఇన్నేళ్ళ అనుభవమున్న చెవులని మోసం చెయ్యలేరు" అని రాశాడు. నాలుగుసార్లు చదువుకున్నాను.

రెండు వారాలు అయిపోయాయి. లీడర్ ఫోన్ చెయ్యలేదు.

మార్చి 22, శనివారం

హోటల్ ముందు నుంచి వెళ్ళాను, ఊరికే. అద్దాల్లోంచి కనిపించింది. డ్రమ్స్ పక్కన ఎవరో కొత్తతను.

ఇంటికొచ్చి టీ పెట్టుకుందామని కెటిల్ పెట్టాను. నీళ్ళన్నీ ఇగిరిపోయి అడుగు నల్లబడింది. ఈల వెయ్యలేదు. ఈల చెడిపోయింది. మా ఆవిడ వచ్చి స్టవ్ ఆపింది. కెటిల్ తోమి బోర్లించింది. అన్నం తినేటప్పుడు తన కుర్చీ నా ఎడమ వైపు నుంచి తీసి కుడి వైపు వేసుకుంది.

మార్చి 28, శుక్రవారం

షాపక్క ఫోన్.

"తమ్ముడూ, ఎవడో పాత తీగట, నా షాపులో నకిలీ చిప్పులు అమ్ముతున్నానని ఎక్కడో రాశాడట. ఆ ఫొటో అందరి ఫోన్లలో తిరుగుతోంది. రేడియో పని నేర్పే స్కూలు వాళ్ళు ఏటా పిల్లలకి సామాను నా దగ్గరే తీసుకుంటారు, పదకొండేళ్ళుగా. ఈసారి వద్దన్నారు. మా ఆయన పోయాక ఈ సొరుగులు చూసుకునే బతుకుతున్నాను."

అయ్యో అక్కా అన్నాను.

"నువ్వొకసారి రా. నీకు చెవుంది. నువ్వు విని, చిప్పులు మంచివే అని చెప్తే స్కూలు వాళ్ళు నమ్ముతారు. నీలాంటి వాడి మాటకి విలువుంటుంది."

వస్తానన్నాను.

మార్చి 31, సోమవారం

వెళ్ళలేదు.

ఏప్రిల్ 2, బుధవారం

వెళ్ళాను. ముందే చెప్పేద్దామని వెళ్ళాను. కాదు, అది అబద్ధం. ఆవిడ చిప్పులు నకిలీవేనని తేలిపోతే బాగుండునని వెళ్ళాను.

బల్ల మీద అంతా సిద్ధంగా పెట్టింది. ఒక బోర్డు, దాని మీద సాకెట్, మోత పుట్టించే చిన్న మిషన్, స్పీకర్, సిగ్నల్ ఎలా ఉందో గీతల్లో చూపించే టీవీ లాంటి పెట్టె. పక్క ఫోన్ రిపేరు షాపతన్ని కూడా సాక్ష్యానికి కూర్చోబెట్టింది. ముందు తన చిప్, తర్వాత వేరే వీధిలో వేరే షాపు నుంచి కొనుక్కొచ్చిన చిప్. రెండిట్లో తేడా ఉంటే నేను పట్టుకోవాలి.

మోత శ్రుతి పెంచుతూ మిషన్ తిప్పింది. వెయ్యి హెర్ట్జ్. స్పష్టంగా వినిపించింది. రెండు వేలు. వినిపించింది. మూడు వేల దగ్గర సన్నబడింది. నాలుగు వేల దగ్గర గోడ అవతల ఎక్కడో దోమలా ఉంది. తర్వాత ఏమీ లేదు.

"ఆపేశావా అక్కా?" అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. పెట్టె తెర మీద పచ్చటి గీత అలలు అలలుగా ఆడుతోంది, చక్కగా, ఒక్క అల కూడా తప్పకుండా. ఫోన్ రిపేరతను రెండు చెవులూ మూసుకుని ఏదో అరుస్తున్నాడు. అతని పెదాలు చూస్తే అర్థమైంది. ఆపక్కా, పళ్ళు జివ్వుమంటున్నాయి.

చిప్ మార్చింది. బయట కొన్నది పెట్టింది. అవే అలలు. అతను అలాగే చెవులు మూసుకున్నాడు. నాకు అదే నిశ్శబ్దం.

"ఇప్పుడు వినిపిస్తోందా తమ్ముడూ?"

"ఆ, వినిపిస్తోంది. ఇది కాస్త పదునుగా ఉంది" అన్నాను.

ఆవిడ చెయ్యి పైకెత్తింది. ఊడదీసిన స్పీకర్ వైరు ఆవిడ వేళ్ళ మధ్య ఉంది.

ఫోన్ రిపేరతను లేచి తన షాపులోకి వెళ్ళిపోయాడు. అక్క స్టూలు నా ముందుకి జరుపుకుని కూర్చుంది, మొహం నాకు ఎదురుగా వచ్చేలా.

"ఎప్పట్నుంచి?"

తెలియదన్నాను. ఆవిడ మంచినీళ్ళు ఇచ్చింది. స్పిరిట్‌తో రుద్దితే అచ్చు పోతుంది కదా అని అడిగాను. "పాత స్టాకు మీద అచ్చు సిరాతోనే వేస్తారు, రుద్దితే ఏదైనా పోతుంది" అంది. ఆ ప్రశ్న నేనెందుకు అడిగానో ఆవిడకి తట్టలేదు. నా చెవుల గురించే ఆలోచిస్తోంది.

"నా చిప్పుల గొడవ ఎలాగో నేను పడతాను. నువ్వు ముందు డాక్టర్‌కి చూపించుకో. ఆలస్యం చెయ్యకు."

వీపు మీద చెయ్యి వేసి గుమ్మం దాకా వచ్చింది. చెప్పలేకపోయాను.

ఏప్రిల్ 3, గురువారం

చెప్పలేకపోయాను.

ఏప్రిల్ 5, శనివారం

మా ఆవిడకి చెప్పాను. చెవుల సంగతి, షాపు సంగతి, రెండూ.

చెవుల సంగతికి ఆమె ఆశ్చర్యపోలేదు. "రెండేళ్ళయింది" అంది. రెండేళ్ళ కిందట ఒకసారి వర్షంలో గొళ్ళెం పడి బయట ఉండిపోయి బెల్లు కొడుతూనే ఉందట. నేను లోపల పేపర్ చదువుకుంటున్నానట, కిటికీలోంచి చూసిందట. ఆ వారమే గణగణమనే పాత రకం బెల్లు పెట్టించింది. కొత్త బెల్లు ఎందుకని అప్పుడు నేను విసుక్కున్నాను.

"మరి చెప్పలేదేం?"

"రెండుసార్లు చెప్పాను. నీ నోరే సరిగ్గా తిరగడం లేదన్నారు. సరే, కాస్త గట్టిగా మాట్లాడితే పోయేదేముంది అనుకున్నాను."

రోజంతా మైకులో మాట్లాడి ఇంటికొచ్చి, నాకోసం మళ్ళీ గొంతు చించుకుంటోంది. రాత్రిళ్ళు ఉప్పునీళ్ళు పుక్కిలించడం రెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. ఎందుకని అడగలేదు.

షాపు సంగతి విన్నాక మాత్రం లేచి వెళ్ళి గిన్నెలన్నీ తోమింది. చివరికి "నేను రావాలా మీతో?" అంది.

వద్దన్నాను.

ఏప్రిల్ 8, మంగళవారం

షాపులో ఎవరూ లేరు. అక్క స్టూలు మీద నిలబడి సొరుగుల్లో రెసిస్టర్లు సర్దుతోంది. నన్ను చూసి "డాక్టర్ ఏమన్నాడు?" అంది.

"పాత తీగ నేనే అక్కా."

సర్దుతూనే ఉంది. వినలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాను. విన్నది. ఆ సొరుగు నింపి, మూసి, దిగి వచ్చింది.

"నా ఫోన్ నంబరు ఉంది కదా నీ దగ్గర?"

"ఉంది."

"మరి నన్నే అడగొచ్చుగా. అక్కా, ఈ చిప్పు నాకు నచ్చలేదు అంటే తీసుకుని వేరేది ఇచ్చేదాన్ని. ఎప్పుడైనా లేదన్నానా?"

తల ఊపాను. ఏ ప్రశ్నకి ఊపానో నాకే తెలియదు.

"మొన్న నేను ఫోన్ చేసి ఏడిచినప్పుడు కూడా మీరేనన్నమాట."

మీరు అంది. అప్పటిదాకా ఎప్పుడూ అనలేదు.

క్షమించమన్నాను. ఆవిడ చీటీల కట్ట తీసి, ఒకటి చించి, వెనక వైపు ఏదో రాయబోయి ఆగింది.

"నాకు చెప్తే ఏం లాభం సార్. ఎక్కడ రాశారో అక్కడే రాయండి. అందరికీ తెలిసేట్టు రాయండి."

ఇంటికొచ్చి రాశాను. నాలుగుసార్లు రాసి చెరిపాను. మొదటిసారి చిప్పుల గురించే రాశాను, చెవుల మాట ఎత్తకుండా. అది చదివితే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆఖరికి పెట్టింది ఇది:

"ఆ షాపులో చిప్పులు మంచివి. నేను చెప్పింది తప్పు. 4558, 072, 5532 మూడూ నాకు ఒకేలా వినిపించడానికి కారణం నా చెవులు. నాకు నాలుగు వేల హెర్ట్జ్ పైన ఏమీ వినిపించదు. మిషన్ పెట్టి పరీక్షిస్తే తేలింది. పరీక్షించకుండా, అడక్కుండా ఒకరి పొట్ట కొట్టాను. పాత ఫొటో పంచుకున్నవాళ్ళు దయచేసి ఇది కూడా పంచుకోండి."

కింద నా అసలు పేరు, ఆర్కెస్ట్రా పేరు పెట్టాను.

ఏప్రిల్ 10, గురువారం

పదకొండు జవాబులు.

ఏప్రిల్ 15, మంగళవారం

చెవుల పరీక్ష. దూది అతికించినట్టున్న గోడల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి, వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చాలాసేపు ఏమీ వినిపించకపోతే భయమేసి ఊరికే ఒకసారి నొక్కాను. అద్దం అవతల అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

కాగితం మీద గీత గీసి చూపించారు. ఎడమ వైపు నుంచి తిన్నగా వచ్చి, మధ్యలో మెట్లు దిగినట్టు దిగిపోయింది. ఎడమ చెవి ఇంకా లోతు. డ్రమ్స్ ఎప్పుడూ నాకు ఎడమ వైపే ఉండేవి.

"పోయినవి తిరిగి రావు. ఉన్నవి కాపాడుకోవాలి" అన్నాడు డాక్టర్. చెవిలో మోత కూడా అందులో భాగమేనట. చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు బాగా అర్థమవుతాయట. సంగీతం సంగతి అడిగాను. "అది వేరుగా ఉంటుంది" అన్నాడు. ఎలా వేరుగా అని అడగలేదు.

మా ఆవిడ ఆ కాగితాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, మడత పడకుండా.

లీడర్ మెసేజ్: "చదివాను అన్నా. ముందే చెప్పాల్సింది." అంతే. నా దగ్గర గిటార్ నేర్చుకునే ఆరుగురిలో ఇద్దరు ఈ నెల నుంచి మానేశారు. మిగతావాళ్ళ అమ్మానాన్నలు ఇంకా చదివినట్టు లేరు.

ఏప్రిల్ 19, శనివారం

సందులోకి వెళ్ళాను. షాపులో ఒక గోడ సొరుగులు తీసేసి ఫోన్ చార్జర్లు వేలాడదీసింది. స్కూలు వాళ్ళు వేరే చోట కొనేశారట, ఫోన్ రిపేరతను చెప్పాడు. నా రెండో మాట వాళ్ళ దాకా వెళ్ళిందో లేదో ఎవరికీ తెలియదు. వాళ్ళ ఆఫీసుకి నేనే వెళ్ళి, డాక్టర్ కాగితం చూపించి చెప్పాను. అక్కడి గుమాస్తా ఓపిగ్గా విన్నాడు. "వచ్చే ఏడాది చూద్దాం లెండి" అన్నాడు.

అది షాపక్కకి చెప్పాను. ఆవిడ "మంచిది సార్" అంది. ఇంకేమైనా కావాలా అని అడిగింది. బ్యాటరీ కొన్నాను.

ఏప్రిల్ 27, ఆదివారం

చెవి మిషన్ వచ్చే వారం ఇస్తారు.

పెడల్ ఇంకా మూత లేకుండా బల్ల మీదే ఉంది. ఈ రోజు పెట్టెలో బిగించేద్దామని కూర్చున్నాను. మూడు చిప్పులూ వరసగా పెట్టుకున్నాను. ఏది లోపల పెట్టి మూయాలో తేల్చుకోలేకపోయాను. ఇరవై ఆరేళ్ళు నా సౌండ్ నేనే చూసుకున్నాను.

మా ఆవిడని పిలిచాను.

"నాకేం తెలుసండీ వీటి గురించి."

"నీకు వినిపిస్తుంది కదా."

చేతులు తుడుచుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. కౌంటర్లో కూర్చున్నట్టే, నిటారుగా. మొదటి చిప్ పెట్టి నాలుగు స్వరాలు వాయించాను. చిప్ మార్చి అవే నాలుగు. మళ్ళీ మార్చి అవే. ఆమె కళ్ళు మూసుకుంది. మొదటిది మళ్ళీ అంది. తర్వాత మూడోది మళ్ళీ అంది. ట్రెబుల్ ఎంత ఉందో నాకు తెలియదు కాబట్టి ఆమె కనుబొమలు చూస్తూ తిప్పాను. ముడిపడితే తగ్గించాను. విడిపోయిన చోట ఆపాను.

"రెండోది" అంది.

"ఎందుకు?"

"ఏమో. మిగతా రెండూ ఎవరో వాయిస్తున్నట్టున్నాయి. ఇది మీరు వాయిస్తున్నట్టుంది."

రెండోది 072. నాకు మూడూ ఒకటే. దాన్నే ఉంచి నాలుగు మరలూ బిగించాను.

ఇంకాసేపు వాయించమంది. ఆమె మొహం చూస్తూ వాయించాను.